తక్‌పట్టీ రాసే సాఫ్ట్‌వేర్‌కి 1.8 జీబీ ఎందుకు?

ప్రశ్న: మిర్చి యార్డులోని కమీషన్ షాపుల కోసం మేమిద్దరం కలిసి పైథాన్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశాం. రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా, కమీషన్, హమాలీ, చివర రైతుకిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ, ప్రింటు. ముప్పై షాపుల్లో నడుస్తోంది. మొదట్లో 90 ఎంబీ ఉండేది. పోయినేడు కాటా చీటీని ఫొటో తీస్తే అంకెలు తనే చదువుకునే సౌకర్యాన్ని ఈజీఓసీఆర్‌తో కలిపాం. అప్పట్నుంచి ఒకే ఈఎక్స్ఈ ఫైలు 1.8 జీబీ అయి కూర్చుంది, తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతోంది. ఆ సౌకర్యం వాడేది ఎనిమిది షాపులే. దాన్ని విడదీద్దామని నేనంటున్నాను. "విడదీస్తే ఫోన్లు మనకే వస్తాయి, అన్నీ ఒకేసారి ఎక్కించేస్తే గొడవుండదు" అని నా పార్ట్‌నర్ అంటున్నాడు. ఇంతలో విజయవాడలో ఆఫీసున్న ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు తమ ఉబుంటు సర్వర్‌లో మా లెక్కల భాగం ఒక్కటే పెట్టుకుంటామని అడుగుతున్నారు. ఎవరి మాట వినాలి? మా లైబ్రరీల జాబితా జతచేస్తున్నాను.
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ పార్ట్‌నర్ భయం ఉత్తిది కాదు. ముక్కలు చేసి, మిగతాది కస్టమరే చూసుకుంటాడులే అని వదిలేస్తే ఫోన్లు వచ్చి తీరతాయి. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో పైథాన్ ఉంటుంది గానీ విండోలు గీసే టికింటర్ వేరే ప్యాకేజీ, ఒక్కో పనికి లైబ్రరీలను విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసే వెన్వ్ ఇంకో ప్యాకేజీ. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు "టికింటర్ అనే మాడ్యూల్ లేదు" అన్న ఎర్రర్ దగ్గర పూటలు పోగొట్టుకుంటారు. ప్యాకేజీలు కట్టేవాళ్లకు ఆ విభజన తేలిక, వాడేవాళ్లకు తలనొప్పి.

కానీ మీ ఇద్దరి వాదనలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు వెంట ఏమేం రావాలి అనేది ఒకటి. ఏది లేకపోతే ప్రోగ్రాం అసలు తెరుచుకోకూడదు అనేది ఇంకొకటి. డెబియన్ వాళ్లు వీటిని వేరుచేసి పేర్లు పెట్టుకున్నారు. లేకపోతే పని జరగనిది డిపెండ్స్. మామూలుగా అందరి దగ్గరా ఉండేది, లేకపోయినా నడిచేది రికమెండ్స్. ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ దాన్ని అడక్కుండానే తెచ్చిపెడుతుంది, వద్దనుకున్నవాళ్లు ఒక ఆప్షన్‌తో ఆపుకోవచ్చు, తర్వాత తీసేసుకోవచ్చు కూడా. కొందరికే పనికొచ్చేది సజెస్ట్స్. దాని పేరు చెబుతుంది తప్ప తీసుకురాదు. మీ ఫొటో భాగం ఎనిమిది షాపులకు రికమెండ్స్, మిగతా ఇరవై రెండింటికి సజెస్ట్స్. డిపెండ్స్ అయితే ఎవరికీ కాదు, ఎందుకంటే చీటీలో అంకెలు చేత్తో కొట్టినా తక్‌పట్టీ వస్తుంది. మీరేమో దాన్ని ముప్పై షాపులకీ డిపెండ్స్ చేసి పెట్టారు.

విడదీసే ముందు కాటా వేయండి. పైథాన్ కోడుని ఈఎక్స్ఈగా కట్టే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కాకుండా ఫోల్డర్‌గా కట్టి, లోపలి ఫోల్డర్లను సైజు వరసలో చూడండి. అన్నిటికన్నా పైన టార్చ్ (ఈజీఓసీఆర్ వెనక పనిచేసే పైటార్చ్ లైబ్రరీ) ఉంటుంది. మీరు పంపిన జాబితాలో టార్చ్ వెర్షన్ చివర సీయూ121 అని ఉంది. అంటే అది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కోసం కట్టిన రకం, ఆ కార్డు మీద లెక్కలు నడిపే కుడా లైబ్రరీలన్నీ కడుపులో పెట్టుకుని వస్తుంది. షాపు గల్లాపెట్టె పక్కనుండే కంప్యూటర్లో ఎన్‌విడియా కార్డు ఎక్కడిది? ఆ గిగాబైట్లు డిస్కు మీద ఊరికే పడి ఉంటాయి. విండోస్‌లో, పైథాన్ లైబ్రరీలు దొరికే పైపీఐ నుంచి మామూలుగా టార్చ్ తెచ్చుకుంటే సీపీయూ రకమే వస్తుంది. పైటార్చ్ సైట్లో కుడా బటన్ నొక్కి అక్కడిచ్చిన కమాండ్‌ని కాపీ చేసుకుని ఉంటారు. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో సీపీయూ రకం పెట్టి మళ్లీ కట్టండి. మీ వాదన ఎటు తేలినా ఈ ఒక్క మార్పుతో బరువులో సింహభాగం దిగిపోతుంది.

లినక్స్‌లో సంగతి తిరగబడుతుంది. అక్కడ పైపీఐ నుంచి మామూలుగా తెచ్చుకుంటేనే కుడా రకం వస్తుంది, దాని వెనక ఎన్‌విడియా పేరుతో మొదలయ్యే ప్యాకేజీలు వరసగా దిగుతాయి. సీపీయూ రకం కావాలంటే పైటార్చ్ వాళ్ల సీపీయూ ఇండెక్స్ చిరునామాని విడిగా ఇవ్వాలి. విజయవాడ వాళ్లకు లెక్కల భాగంతో పాటు టార్చ్‌ని కూడా తగిలించి ఇచ్చారనుకోండి, వాళ్ల సర్వర్ డిస్కు నిండిన రోజున మొదటి ఫోన్ మీ పార్ట్‌నర్‌కే వెళుతుంది.

ఇక ఆ రెండు నిమిషాల ఆలస్యం. పైఇన్‌స్టాలర్ ఒకే ఫైలుగా కట్టినప్పుడు, ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ లోపలున్నదంతా టెంప్ ఫోల్డర్లోకి విప్పుతుంది. మూసినప్పుడు చెరిపేస్తుంది. పొద్దున ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి తెరిస్తే అన్ని గిగాబైట్లూ రెండుసార్లు రాయాల్సిందే, పైగా యాంటీవైరస్ వాటిని రెండుసార్లు తడమాల్సిందే. కరెంటు పోయో, టాస్క్ మేనేజర్‌లో చంపడం వల్లో ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే ఆ ఫోల్డర్ చెరగదు. టెంప్‌లో కింద గీతతో మొదలై ఎంఈఐ, ఆ వెనక అంకెలున్న ఫోల్డర్లు కనిపిస్తే అవే ఇవి. "సీ డ్రైవ్ నిండిపోయింది" అని ఈపాటికే ఏ షాపు నుంచైనా ఫోన్ వచ్చి ఉంటే ముందు అక్కడ వెతకండి. ఇకనుంచి ఫోల్డర్‌గా కట్టి, ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్ చేయండి. ఫైళ్లు ఒక్కసారే డిస్కు మీద పడతాయి.

విడదీయడంలో పైథాన్ వాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. ఈజీఓసీఆర్‌ని తెచ్చే ఇంపోర్ట్ లైనుని ఫైలు పైనుంచి తీసి ఫంక్షన్ లోపల పెడితే చాలనుకుంటారు. దానివల్ల ప్రోగ్రాం త్వరగా తెరుచుకుంటుంది, నిజమే. సైజు మాత్రం తగ్గదు, ఎందుకంటే పైఇన్‌స్టాలర్ ఫంక్షన్ల లోపలి ఇంపోర్ట్‌లను కూడా పసిగట్టి మూటకడుతుంది. ఫలానా మాడ్యూల్ వద్దని విడిగా చెప్పొచ్చు గానీ ఏదో ఒక దారిలో మళ్లీ దూరుతుంది. టార్చ్ అసలు లేని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ప్రధాన ప్రోగ్రాంని కట్టడం నిక్కచ్చి పద్ధతి. లేనిదాన్ని ఎవరూ మూటకట్టలేరు కదా.

మరి ఫొటో భాగం? దాన్ని ఇంకో ఎన్విరాన్‌మెంట్‌లో, ఇంకో ఈఎక్స్ఈగా, తన సొంత ఫోల్డర్లో కట్టండి. బిల్లింగ్ ప్రోగ్రాం దాన్ని వేరే ప్రాసెస్‌గా నడిపి, ఫొటో ఫైలు పేరిచ్చి, అంకెలను జేసన్ అనే టెక్స్ట్ రూపంలో తీసుకుంటుంది. లైబ్రరీలకు పైథాన్‌లో ఎక్స్‌ట్రాస్ అనే సదుపాయం ఉంది, దాని మాట కింద చెబుతాం. కానీ ఈఎక్స్ఈగా కట్టేసిన ప్రోగ్రాంలోకి షాపు గుమాస్తా తర్వాత, లైబ్రరీలు తెచ్చే పిప్‌తో ఏదీ ఎక్కించలేడు, కాబట్టి షాపులకు వేరే ప్రాసెస్ దారే సరి. దీంతో ఇంకో రెండు లాభాలున్నాయి. పాడైన ఫొటో వల్ల ఫొటో భాగం కూలినా, సగం రాసిన బిల్లు తెర మీద అలాగే ఉంటుంది. రెండోది, టార్చ్ 32 బిట్ విండోస్‌కి దొరకదు. ఒకే మూటగా ఉన్నంతకాలం పాత 32 బిట్ కంప్యూటరున్న షాపుకి బిల్లింగ్ కూడా ఇవ్వలేరు. విడిపోయాక, మీ మిగతా లైబ్రరీలు 32 బిట్‌లో దొరికితే ఆ షాపుకి బిల్లింగ్ వరకు కట్టివ్వొచ్చు.

ఈ పద్ధతిలో తడబడే చోట్లు ఇవి. ప్రతి చీటీకీ ప్రాసెస్‌ని కొత్తగా లేపితే, లేపినప్పుడల్లా టార్చ్ లోడవడానికి కొన్ని సెకన్లు పోతాయి. ఒకసారి లేపి, ఫొటో పేర్లను ఒక్కో లైనుగా పంపుతూ ఉండండి. రెండోది తెలుగు. విండోస్‌లో ఒక ప్రాసెస్ అవుట్‌పుట్‌ని ఇంకోటి చదివేటప్పుడు పైథాన్ చాలా కంప్యూటర్లలో యూటీఎఫ్-8 వాడదు, పాత కోడ్ పేజీ వాడుతుంది. రైతు పేరు తెలుగులో ఉంటే అక్కడే ఎన్‌కోడింగ్ ఎర్రర్‌తో పడిపోతుంది. జేసన్ లైబ్రరీ మామూలుగా తెలుగు అక్షరాలను ఆస్కీ సంకేతాలుగా మార్చి రాస్తుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచితే ఇబ్బంది రాదు. "చూడ్డానికి బాగుంటుందని" ఆ సెట్టింగు మార్చినవాళ్లకే ఈ తంటా. మూడోది, వెర్షన్లు. బిల్లింగ్‌ని కొత్తది చేసి ఫొటో భాగాన్ని పాతదే ఉంచే షాపు తప్పకుండా ఒకటుంటుంది. ఫొటో భాగం మొదలవగానే తన ఒప్పందం నంబరు చెప్పాలి. అది సరిపోకపోతే బిల్లింగ్ మర్యాదగా ఆపి, "ఫొటో భాగం పాతది, కొత్తది ఎక్కించండి" అనాలి.

నాలుగోది మీ పార్ట్‌నర్‌కి ప్రత్యేకంగా చూపించండి. ఈజీఓసీఆర్ అక్షరాల మోడల్ ఫైళ్లను మొదటిసారి వాడినప్పుడు ఇంటర్నెట్ నుంచి దించుకుని, యూజర్ ఫోల్డర్లో దాచుకుంటుంది. ఇప్పుడు మీరిస్తున్న 1.8 జీబీలో అవి ఉన్నాయా? మీరు ప్రత్యేకంగా పెట్టకపోతే ఉండవు. నెట్ లేని షాపులో "అన్నీ ఎక్కించేసిన" ప్రోగ్రాం కూడా మొదటి ఫొటోకే ఆగిపోతుంది. మోడల్ ఫైళ్లను ఫొటో భాగం ఫోల్డర్లోనే పెట్టి, మోడల్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే ఆప్షన్ ఇచ్చి, డౌన్‌లోడ్‌ని ఆపేయండి.

అసలు టార్చ్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. మీ చీటీలు ఎలక్ట్రానిక్ కాటా నుంచి ప్రింటై వచ్చేవైతే అక్షరాలు చదివే టెసరాక్ట్ ప్రోగ్రాం సరిపోవచ్చు. అది చాలా చిన్నది, దానంతట అది వేరే ఈఎక్స్ఈ, తెలుగు డేటా ఫైలు కూడా విడిగా దొరుకుతుంది. అంకెలు మాత్రమే చదవమని చెప్పే సెట్టింగు 4.0 వెర్షన్‌లోని కొత్త ఇంజిన్‌లో పనిచేయలేదు, 4.1 నుంచి చేస్తుంది. పాతది దించుకుని తిట్టుకోకండి. చేతిరాత చీటీలైతే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫొటో భాగం ఉందో లేదో బిల్లింగ్ ఎలా తెలుసుకోవాలి? వేరే ఈఎక్స్ఈ కాబట్టి ఫైలు ఉందా అని చూస్తే చాలు. సర్వర్ వైపు లైబ్రరీగా వాడేచోట మాత్రం జాగ్రత్త. ఇంపోర్ట్ ఎర్రర్ అంటే "లేదు" అని తీర్మానించే కోడు అందరూ రాస్తారు. ప్యాకేజీ ఉండి, దానికి కావలసిన సిస్టం లైబ్రరీ (విండోస్‌లో డీఎల్‌ఎల్) ఏదో దొరక్కపోయినా పైథాన్ ఇంపోర్ట్ ఎర్రరే ఇస్తుంది. అప్పుడు మీ ప్రోగ్రాం "ఫొటో భాగం ఇన్‌స్టాల్ చేయండి" అంటుంది, వాళ్లు చేస్తారు, మళ్లీ అదే అంటుంది. మాడ్యూల్ నాట్ ఫౌండ్ అనే చిన్నరకం ఎర్రర్‌ని మాత్రమే పట్టుకుని, అందులోని పేరు మీరు వెతికినదేనా అని చూడండి. తక్కినవాటిని లాగ్‌లో రాసి ఉన్నదున్నట్టు చూపించండి.

భాగం లేనప్పుడు ఫొటో బటన్‌ని మాయం చేయొద్దు. పక్కషాపులో చూసినవాడు తన కంప్యూటర్లో కనబడకపోతే ఫోనే చేస్తాడు. బటన్ ఉండాలి, నొక్కితే ఏం చేయాలో తెలుగులో రెండు వాక్యాలు రావాలి: "చీటీ ఫొటో చదివే భాగం ఈ కంప్యూటర్లో లేదు. పెన్‌డ్రైవ్‌లోని 'ఫొటో సెటప్' నడపండి, లేదా బరువు చేత్తో కొట్టండి." ఆ రెండో దారి చూపకపోతే గుమాస్తా బిల్లు ఆపేసి కూర్చుంటాడు, వెనక రైతు నిలబడి ఉంటాడు.

డేటా విషయంలో మాత్రం సడలింపు ఉండకూడదు. ఫొటో భాగం ఉన్న కంప్యూటర్లో చేసిన బిల్లు, అది లేని కంప్యూటర్లో తెరుచుకోవాలి, ప్రింటవ్వాలి, బ్యాకప్ నుంచి తిరిగి రావాలి. చదివిన అంకెలను మామూలు కాలమ్‌లో, ఫొటోని మామూలు జేపెగ్‌గా దాచండి. టార్చ్ తయారుచేసిన వస్తువుని పికిల్ చేసి, అంటే పైథాన్ వస్తువుగానే భద్రపరిచి, డేటాబేస్‌లో పడేస్తే, విడదీసినదంతా దొడ్డిదారిన మళ్లీ తప్పనిసరి అవుతుంది.

ఇన్నో సెటప్‌లో టైప్స్, కాంపొనెంట్స్ అనే విభాగాలున్నాయి. బిల్లింగ్‌ని ఫిక్స్‌డ్‌గా పెడితే దాని టిక్కు ఎవరూ తీయలేరు. టైప్స్‌లో మొదట రాసిందే డిఫాల్ట్ అవుతుంది. అప్‌గ్రేడ్‌లో పోయినసారి ఎంచుకున్నదే మళ్లీ ఎంచుకుంటుంది, ఇది మీకు మేలే. ఒక తిరకాసు: టిక్కు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన పాత భాగం ఫైళ్లు పోవు, ఇన్‌స్టాల్ డిలీట్ విభాగంలో మీరే రాయాలి. మా సలహా అయితే కాంపొనెంట్లతో ఒకే పెద్ద సెటప్ కన్నా రెండు సెటప్‌లు. బిల్లింగ్ సెటప్ మళ్లీ 90 ఎంబీ ప్రాంతానికి వస్తుంది, నెలనెలా మారేది అదే. ఫొటో సెటప్ ఏడాదికి ఒకటి రెండుసార్లు మారితే ఎక్కువ. షాపు వాళ్లు ఫోన్ హాట్‌స్పాట్‌తో అప్‌డేట్ దించుకుంటున్నారనుకోండి. సెకనుకి 4 మెగాబిట్ల వేగంలో 90 ఎంబీకి మూడు నిమిషాలు, 1.8 జీబీకి గంట. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే అసలు పూర్తే కాదు. అప్‌డేట్ ఆపేసుకున్న షాపులు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

ఇక్కడే ఆగండి. విడదీయడం రుచి మరిగి గ్రాఫులు వేరు, ఎక్సెల్ వేరు, పీడీఎఫ్ వేరు అని మొదలుపెట్టొద్దు. అయిదు భాగాలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంటే 32 రకాల ప్రోగ్రాంలు. ఇద్దరు మనుషులు 32 రకాలు పరీక్షించలేరు. మ్యాక్ ప్రపంచంలో ప్యాకేజీలు ఎక్కించే హోంబ్రూ వాళ్లు 2019లో తమ ప్రధాన ఫార్ములాల్లో (ప్యాకేజీ కట్టే సూచనల్లో) ఇలాంటి ఆప్షన్లన్నీ తీసేసింది ఈ చిక్కు వల్లే. మీకు రెండే రకాలు చాలు, ఫొటోతో, ఫొటో లేకుండా. రెండూ ఖాళీ విండోస్ కంప్యూటర్లో, నెట్ తీసేసి పరీక్షించండి. మీ సొంత ల్యాప్‌టాప్‌లో పైథాన్ నుంచి అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడ నడిచిందంటే నడిచినట్టు కాదు.

ప్రింటింగ్, బ్యాకప్, తెలుగు ఫాంటు విడదీయకూడని జాబితాలో పైన ఉంటాయి. విండోస్ 10 వచ్చేసరికి గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లు అనే ఐచ్ఛిక భాగంలోకి వెళ్లిపోయాయి, అందరికీ వచ్చేది నిర్మల. గౌతమి కొలతలతో గీసిన బిల్లు, అది లేని కంప్యూటర్లో వేరే ఫాంటుతో ప్రింటై గళ్లు దాటుతుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంటు ఒక ఎంబీ కూడా ఉండదు. ప్రోగ్రాంతోనే ఇవ్వండి. చిన్నది, అందరికీ అక్కరకొచ్చేది, లేకపోతే పరువు పోయేది అయినప్పుడు తప్పనిసరి చేయడానికి సందేహం దేనికి?

విజయవాడ సర్వర్ సంగతి. లెక్కల కోడుని తెర కోడు నుంచి విడదీసి ఒక పైథాన్ ప్యాకేజీ చేయండి. పైప్రాజెక్ట్ టామల్ ఫైల్లో తప్పనిసరి జాబితాలో లెక్కలకు కావలసినవి మాత్రమే రాసి, ఈజీఓసీఆర్‌ని ఆప్షనల్ డిపెండెన్సీస్ కింద ఓసీఆర్ అనే పేరుతో పెట్టండి. కావలసినవాళ్లు ప్యాకేజీ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో ఆ పేరు రాసి తెచ్చుకుంటారు. పిప్‌లో ఎక్స్‌ట్రాస్‌ని కలపడమే గానీ తీసేయడం లేదు. ఆప్ట్ చేసినట్టు "మామూలుగా తెచ్చిపెట్టు, వద్దంటే మానేయి" అని రాసే వీలు లేదు. అలాంటిది కావాలంటే రెండు పేర్లు పెట్టుకోవడం పాత ఉపాయం. నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రపంచంలో బ్రౌజర్‌ని నడిపే పప్పెటీర్ చూడండి. ఆ పేరుతో ఇన్‌స్టాల్ చేస్తే క్రోమ్ బ్రౌజర్‌ని కూడా దించుకుంటుంది, పప్పెటీర్ కోర్ అంటే దించదు. కోడు దాదాపు ఒకటే. కొత్తవాళ్లకు మొదటిది, తమకేం కావాలో తెలిసినవాళ్లకు రెండోది.

సర్వర్‌లో అవసరం లేనిది ఉండకూడదు అనడానికి డిస్కు ఒక్కటే కారణం కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. దాని గురి, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వర్. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కి ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. "నేను లేచాను" అని సర్వీసులను లేపే సిస్టమ్‌డీకి ఒక కబురు పంపడం కోసం కొన్ని డిస్ట్రిబ్యూషన్లు దానికి లిబ్‌సిస్టమ్‌డీని తగిలించాయి, దాని వెనక ఎక్స్‌జెడ్ వచ్చింది. ఆ తర్వాతి వెర్షన్లలో లిబ్‌సిస్టమ్‌డీ కంప్రెషన్ లైబ్రరీలను అవసరమైనప్పుడే లోడ్ చేసుకునేలా మారింది. మీ టార్చ్ వెనక ఎన్ని ప్యాకేజీలు వస్తున్నాయో ఒకసారి పిప్ జాబితా తీసి విజయవాడ వాళ్ల ముందు పెట్టండి. వాళ్ల ఆడిటర్ అడగకముందే మీరు తీసేస్తారు.

ఎప్పుడు చేయాలి? టార్చ్‌ని సీపీయూ రకానికి మార్చడం, ఒకే ఫైలు మానేసి ఫోల్డర్ చేయడం ఈ వారమే చేయొచ్చు, కోడు మారదు. రెండు ఈఎక్స్ఈలుగా విడదీసే పని యార్డు వేసవి సెలవుల్లో పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు రోడ్డు దాకా ఉన్నప్పుడు ఇన్‌స్టాలర్ మార్చితే మీ పార్ట్‌నర్ అన్నమాటే నిజమవుతుంది. సెలవుల్లో ముందు ఫొటో వాడని రెండు షాపుల్లో చిన్న సెటప్ పెట్టి, పాత బ్యాకప్ ఒకటి తెరిచి, ఒక తక్‌పట్టీ ప్రింటు తీయించండి. తర్వాత ఫొటో వాడే ఒక షాపుకి రెండు సెటప్‌లూ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, నెట్ ఆపి, గుమాస్తా చేతే ఎక్కించండి. అతను మిమ్మల్ని ఏదైనా అడిగాడంటే, ఆ ప్రశ్నకు జవాబు తెర మీద రాసి గానీ మిగతా షాపులకు వెళ్లకండి.